కూర్చుని వండుకునే వారం

పుష్యమాసంలో పూస గుచ్చ పొద్దుండదంటారు. లెక్క చూస్తే ఈ సామెత కాస్త అతిశయోక్తే. హైదరాబాదులో ఏడాది మొత్తమ్మీద అతి చిన్న పగలు దాదాపు 11 గంటలు, అతి పెద్దది 13 గంటల పైచిలుకు. తేడా రెండు గంటలకు కాస్త ఎక్కువ, అంతే. లండన్‌లో పుట్టిన సామెతైతే సూర్యుణ్ణి తిట్టినా అర్థముండేది, అక్కడ ఆ తేడా ఎనిమిది గంటలు దాటుతుంది. మన సామెతలో నాకు ఎండకన్నా పూస గుచ్చే మనిషే ఎక్కువ కనపడుతుంది. సూదీ దారం పట్టుకుని అరుగు మీదకి వచ్చేసరికే వెలుతురు పోయింది. మిగతా పదకొండు గంటలూ ఏమైపోయాయి? పొయ్యి తినేసింది.

డిసెంబరు ఆఖర్లోనో జనవరి మొదట్లోనో ఒక వారం సెలవు పెట్టుకుని, నాలుగు పుస్తకాలు, ఒక ఊలు ఉండ, రోజూ వేడివేడిగా ఏదో ఒకటి అని ముచ్చటపడేవాళ్ళు ఈమధ్య చాలామందే ఉన్నారు. ముచ్చట మంచిదే. 'వేడివేడిగా ఏదో ఒకటి' అన్నచోటే చిక్కుంది. చలికాలం అనగానే గుర్తొచ్చే మిరపకాయ బజ్జీనే తీసుకోండి. శనగపిండి కలిపి, మిరపకాయలు చీరి, వాము పెట్టి, నూనె కాగే దాకా ఆగి, వాయి తర్వాత వాయి తీస్తూ ముప్పావుగంట నిలబడాలి. పావుగంటలో పళ్ళెం ఖాళీ. వేసినవాళ్ళు తినేసరికి బజ్జీ చల్లారి మెత్తబడి ఉంటుంది. ఇంట్లో ఒకరు దుప్పటి కప్పుకుని నవల చదువుతుంటే ఇంకొకరు బాణలి ముందు నిలబడే వారాన్ని హాయి వారం అనడం నాకు ఒప్పుదల కాదు. ఆ వారం రావాలంటే ముందు తేల్చుకోవలసింది ఏ పుస్తకం అన్నది కాదు, ఏ వంట అన్నది. అదీ రుచిని బట్టి కాదు, నిలబడే సేపుని బట్టి.

ప్రతి వంటకీ రెండు కాలాలుంటాయి. మనం పొయ్యి దగ్గర నిలబడి తీరవలసిన నిమిషాలు ఒకటి, దాని మానాన అది నానుతూ, పులుస్తూ, ఉడుకుతూ ఉండే గంటలు రెండోది. మొదటిది తక్కువ, రెండోది ఎక్కువ ఉన్న వంటలే ఈ వారానికి పనికొస్తాయి. ఆ గంటల్లోనే చదువూ అల్లికా ఇముడుతాయి.

ఈ కొలతతో చూస్తే అరిసెలు మొట్టమొదట పోతాయి. కోపం తెచ్చుకోకండి, కారణం చెప్తాను. కిలో బియ్యం ఒక పగలూ రాత్రీ నానాలి. నీళ్ళు వార్చి, తడి ఆరకముందే పిండి పట్టించి జల్లించాలి. జల్లించిన పిండి ఆరిపోతే అరిసె గట్టిపడుతుంది, అందుకని గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పాలి. ముప్పావు కిలో బెల్లం పాకం పట్టాలి. చల్లటి నీళ్ళలో చుక్క వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. ఆ ఉండపాకం వచ్చిన క్షణానికీ ముదిరిపోయే క్షణానికీ మధ్య ఒకటి రెండు నిమిషాలే. లేతగా దింపితే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరాక దింపితే పళ్ళకి పరీక్ష. పిండి ఒకరు పోస్తుంటే ఒకరు కలపాలి, ఒకరు తట్టాలి, ఒకరు వేయించాలి, తీసినదాన్ని చెక్కల మధ్య పెట్టి నూనె పిండాలి. మూడు గంటలు, ముగ్గురు మనుషులు. పాకం ఎవరి కోసమూ ఆగదు, పుస్తకంలో పేజీ పూర్తయ్యేదాకా అసలే ఆగదు. సకినాలకైతే కింద కూర్చోవచ్చు గానీ, నువ్వులూ వామూ కలిపిన తడిపిండిని వేళ్ళ మధ్య నుంచి చుట్లు చుట్లుగా వదులుతుంటే చూపూ చేతులూ రెండూ అక్కడే. 'నలుగురూ కలిసి చేస్తేనే కదా సందడి' అంటారు. నిజమే. ఆ నలుగురిలో మగవాళ్ళెందరో లెక్కపెట్టి చెప్పండి. సంక్రాంతికి ఇల్లు నిండినప్పుడు చేసుకుందాం, ఈ వారం వాటి జోలికి వద్దు.

మరి చలికాలపు రుచి ఎక్కడ? శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద మొదటి ఆశ్వాసంలో విష్ణుచిత్తుడు అతిథులకి ఏ కాలంలో ఏం పెట్టేవాడో పద్యాలు రాశాడు. చలికాలం పద్యంలో ఘుమఘుమలాడే కొత్త బియ్యపన్నం, మిరియప్పొడి పడిన వేడి కూరలు, ముక్కుకెక్కే ఆవ పచ్చళ్ళు, పాయసాలు, ఊరగాయలు, చెయ్యి చురుక్కుమనే నెయ్యి, పాలు ఉంటాయి. ఐదువందల ఏళ్ళ కిందటి చలికాలపు భోజనం ఇది. అందులో నూనెలో దేవిన పదార్థం ఒక్కటీ లేదు గమనించండి. ఒంట్లో వేడి పుట్టించే పని మిరియం, ఆవ, నెయ్యి చూసుకున్నాయి. (వడ్డన ఉంది, వండినవాళ్ళు పద్యంలో లేరు. అది వేరే సంగతి.)

ఆ పద్యంలోంచి ఈ వారానికి ఒక్కటే తెచ్చుకోవాలంటే నేను ఆవ తెస్తాను. ఆవ పెట్టిన కూరకి నిలబడే సేపు ఇరవై నిమిషాలు దాటదు, పైగా దాని రుచంతా ఆగడంలోనే ఉంది. ఆవగింజని నమిలేదాకా ఘాటుండదు. గింజ నలిగి నీళ్ళు తగిలినప్పుడు అందులోని మైరోసినేజ్ అనే ఎంజైము పనిచేసి ఘాటైన నూనెని విడుదల చేస్తుంది. దానికి పది నిమిషాలు కావాలి, చల్లటి నీళ్ళు కావాలి. వేడినీళ్ళు పోస్తే ఎంజైము చచ్చిపోయి చేదు ఒక్కటే మిగులుతుంది. 'మా ఆవ ఎప్పుడూ చేదెక్కుతుంది' అనేవాళ్ళలో ఎక్కువమంది చేసే తప్పు ఇదే. పొడిగా మిక్సీలో చాలాసేపు తిప్పి గింజని వేడెక్కించడం ఇంకో తప్పు.

రెండు అరటికాయలకి టీస్పూను ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు, నానబెట్టిన బియ్యం అర టీస్పూను తీసుకోండి. రెండు స్పూన్ల చల్లటి నీళ్ళతో మెత్తగా నూరి పక్కన పెట్టండి. బియ్యం ఎందుకంటే ఆవ ముద్ద కూరకి పట్టుకోవడానికి, చేదు కాస్త అణగడానికి. అరటికాయ ముక్కలు పసుపు, ఉప్పు, కాస్త చింతపండు పులుసుతో ఉడికించి నీళ్ళు వార్చి తాలింపులో వేసి రెండు నిమిషాలు మగ్గనిచ్చి దింపేయండి. ఇక్కడే చెయ్యి ఆపుకోవాలి. బాణలి పొయ్యి మీద ఉండగా ఆవ కలిపితే ఘాటు ఆవిరైపోయి వంటింట్లో వాళ్ళ ముక్కులకే దక్కుతుంది. గిన్నె అరచేత్తో పట్టుకోగలిగేంత చల్లారాక కలిపి, మూతపెట్టి ఒక కథ చదువుకుని రండి. కందకైనా పనసపొట్టుకైనా ఇదే పద్ధతి. మర్నాటికి ఘాటు తగ్గిపోతుంది గనక రోజుకి సరిపడా మాత్రమే నూరుకోవాలి.

కొత్త బియ్యం దొరికితే ఒక మాట. పాత బియ్యానికి గ్లాసుకి రెండు గ్లాసుల పైన నీళ్ళు పోసే అలవాటుంటే దీనికి గ్లాసున్నర, గ్లాసు ముప్పావు చాలు. ఎక్కువైతే సంకటైపోతుంది. పొంగలికి మాత్రం అదే కావాలి.

ఇప్పుడు అసలు సిసలు ఆగే వంట: ఉలవచారు. పెళ్ళి భోజనాలవల్ల దీన్ని పెద్ద తతంగం అనుకుంటారు గానీ, మనిషి నిలబడేది మొత్తమ్మీద అరగంటే. పావుకిలో ఉలవల్లో రాళ్ళు ఏరి కడిగి లీటరున్నర నీళ్ళలో పన్నెండు గంటలు నానబెట్టాలి. రాళ్ళు ఏరడం తప్పించుకోకండి, ఉలవల్లో రాయి ఉలవ రంగులోనే ఉంటుంది. నానిన నీళ్ళతోనే ఐదు లీటర్ల కుక్కర్లో పెట్టండి. అరకిలో వేద్దామనిపిస్తుంది, వద్దు. పప్పుధాన్యాలకి కుక్కరు సగానికి మించి నిండకూడదు, నురగ పొంగి విజిల్ రంధ్రంలో అడ్డుపడుతుంది.

చదివేవాళ్ళు కుక్కరు దగ్గర చేసే ప్రసిద్ధమైన తప్పు విజిళ్ళు లెక్కపెట్టడం. నాలుగో ఐదో అని పుస్తకం మూసేసి లేస్తారు, నిజానికది ఏడోది. పైగా విజిల్ ఎంతసేపటికోసారి వస్తుందన్నది మంటని బట్టీ, రబ్బరుని బట్టీ మారుతుంది. మొదటి విజిల్ రాగానే సన్నమంట మీదకి తగ్గించి ఫోనులో 45 నిమిషాలు అలారం పెట్టుకోండి. ఆ ముప్పావుగంట పూర్తిగా మీదే.

ఆవిరి పోయాక కట్టు వార్చుకోండి. ఉడికిన ఉలవల్లో గుప్పెడు తీసి మెత్తగా రుబ్బి కట్టులో కలపాలి, చిక్కదనం దాన్నుంచే. నిమ్మకాయంత చింతపండు పులుసు, ఉప్పు, కారం, పసుపు ఇప్పుడే వేయాలి. ముందే ఉలవలతోపాటు వేస్తే పులుపుకి గింజ బిగుసుకుని ఎంతకీ మెత్తబడదు. వెడల్పాటి అడుగు మందం గిన్నెలో సన్నమంట మీద సగమయ్యేదాకా మరగాలి, ముప్పావుగంట పైనే పడుతుంది. మొదటి అరగంట ఎప్పుడైనా ఒకసారి కలిపితే చాలు. ఆఖరి పావుగంట మాత్రం పుస్తకం పట్టుకోకూడదు. పిండి అడుగుకి చేరి, చిక్కబడ్డకొద్దీ పట్టేస్తుంది. ఒకసారి మాడు వాసన వచ్చిందంటే ఏ తాలింపూ దాన్ని దాచలేదు. నెయ్యిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిరప, వెల్లుల్లి, కరివేపాకు తాలింపు పెట్టి దింపండి. చారు రెండోరోజుకి ఇంకా బాగుంటుంది, మీద వెన్నో మీగడో పడితే మూడోరోజుకి మిగలదు. వార్చిన ఉలవలు పచ్చికొబ్బరి వేసి గుగ్గిళ్ళు చేస్తే సాయంత్రం బజ్జీ ఊసెత్తరు.

ఇడ్లీ పిండి గురించి పొడుగ్గా చెప్పను. వేసవిలో ఎనిమిది గంటల్లో పొంగేది చలికి పద్నాలుగు, పదహారు గంటలు తీసుకుంటుంది. మినప్పప్పుతోపాటు చెంచాడు మెంతులు నానబెట్టడం, గోరువెచ్చటి నీళ్ళతో రుబ్బడం, గరిటె మానేసి చేత్తో కలపడం, ఇవి చాలు. షికాగోలోనో టొరంటోలోనో ఉన్నవాళ్ళు ఒవెన్‌లో దీపం ఒక్కటి వెలిగించి పిండిగిన్నె లోపల పెడతారు, అదీ మంచి ఉపాయమే. ఒవెన్ వెలిగించకూడదన్నది మరిచిపోకుండా తలుపుకి ఒక చీటీ అంటించుకోవాలి.

పెరుగు దగ్గర మాత్రం ఆగాలి, ఎందుకంటే అల్లిక అక్కణ్ణుంచే మొదలవుతుంది.

చలికాలంలో పెరుగు తోడుకోకపోవడానికి కారణం తోడు కాదు, వేడి నిలవకపోవడం. పాలు 43, 45 డిగ్రీల దగ్గర ఉండగా తోడు వేయాలి. చిటికెన వేలు ముంచి పది లెక్కపెట్టగలిగితే, పదకొండోదానికి తీసేయాలనిపిస్తే అదే సరైన వేడి. వేసవిలో అరలీటరుకి టీస్పూను తోడు సరిపోతే ఇప్పుడు రెండు. ఇంతవరకూ అందరూ చేస్తారు. ఆ గిన్నెని తీసుకెళ్ళి గ్రానైట్ గట్టు మీద పెడతారు. స్టీలు గిన్నె, కింద చల్లటి రాయి, అరగంటలో వేడంతా రాయిలోకి పోతుంది. పొద్దున్నే చూస్తే పాలు పాలలాగే ఉంటాయి. గిన్నెని ముందు వేడినీళ్ళతో తొలిచి, తోడు వేశాక ఊలు తొడుగులో పెట్టి, మడతపెట్టిన తువ్వాలు మీద ఉంచితే ఆరేడు గంటల్లో గడ్డ పెరుగు.

ఈ వారానికి అల్లవలసింది ఆ తొడుగే అని నా వాదన. స్వెట్టర్లు వద్దు. బెజవాడలో జనవరి తెల్లవారుజామున కూడా 18, 19 డిగ్రీలుంటుంది. పొడుగు చేతుల స్వెట్టరు అక్కడ పొద్దున్న ఏడున్నర దాటితే కుర్చీకి తగిలించడానికే. ఆదిలాబాదు వైపూ లంబసింగిలోనూ ఒక అంకెకి పడిపోయే రోజులున్నా, కొత్తగా నేర్చుకునేవాళ్ళు స్వెట్టరు మొదలుపెడితే వీపుభాగం అయ్యేసరికి శివరాత్రి వస్తుంది, చలి శివశివా అంటూ పోతుంది. మఫ్లరు సులువే గానీ పొడుగు. ఒకటే పని ఐదడుగులు చేసేసరికి మూడోవంతులో వదిలేస్తారు. పెరుగు గిన్నె తొడుగు వారంలో అయిపోతుంది, ఏడో రాత్రికే పనిలోకి దిగుతుంది.

ముందు ఊలు. కొట్లో ఏ ఉండనైనా ఊలనే అమ్ముతారు, ఎక్కువభాగం యాక్రిలిక్ అనే కృత్రిమ దారమే. తేలాలంటే అంగుళం ముక్క పటకారుతో పట్టుకుని గిన్నెడు నీళ్ళ మీద వెలిగించండి. నిజం ఊలైతే వెంట్రుక కాలిన వాసనొచ్చి బూడిద వేళ్ళ మధ్య నలుగుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా మిగులుతుంది. పెరుగు గిన్నె వేడికి ఏదైనా ఫరవాలేదు. యాక్రిలిక్ తొడుగుతో పొయ్యి మీది గిన్నె దించబోతే మాత్రం అది కరిగి చేతికంటుకుంటుంది. ఆ పనికి మసిగుడ్డే ఉండాలి. మనకీ సొంత ఊలుంది. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రె ఊలుతో నేసే గొంగళి, పడుగుకి చింతగింజల గంజి పెట్టి గుంటమగ్గం మీద నేస్తారు. అది నేతకి పుట్టిన ముతక ఊలు, సూదులతో అల్లే దారంగా కొట్లో దొరకడం అరుదు. ఇంట్లో పాత గొంగళి ముక్కుంటే తొడుగు అల్లే పనే లేదు, గిన్నెకి చుట్టేయండి. అల్లే సంచీని వంటింట్లోకి మాత్రం తేకండి. గొంగళిలో తింటూ వెంట్రుకలు ఏరుకున్నట్టవుతుంది, అదీగాక ఊలు తాలింపు వాసన పట్టుకుంటే ఒక పట్టాన వదలదు.

సూదులు 4 మిల్లీమీటర్లవి. ఇక్కడో ఉచ్చుంది. మన కొట్లలో చాలాచోట్ల పాత బ్రిటిష్ నంబర్లే నడుస్తాయి, వాటిలో నంబరు పెరిగితే సూది సన్నం. 8 నంబరంటే 4 మిల్లీమీటర్లు, 10 అంటే 3.25. అమెరికా నంబర్లు తలకిందులు, అక్కడ 8 అంటే 5 మిల్లీమీటర్లు. డాలస్‌లో ఉన్న చెల్లెలు పంపిన కొలతలు పట్టుకుని గుంటూరులో 8 నంబరు సూదులు కొంటే తొడుగు గిన్నెకి ఎక్కదు. నంబర్లు వదిలేసి మిల్లీమీటర్లే అడగండి.

గిన్నె అడ్డుకొలత 14 సెంటీమీటర్లు, ఎత్తు 9 అనుకుందాం, అరలీటరు పాలకి అది చాలు. చుట్టుకొలత 44. అల్లిక సాగుతుంది గనక 40 సెంటీమీటర్ల వెడల్పు అల్లాలి. నిడివి, అడుక్కి మడిచేందుకు 7, పక్కకి 9, మూత మీదకి 7, మొత్తం 23. ముందు 24 కుట్లు వేసి చిన్న ముక్క అల్లి, మధ్యలో 10 సెంటీమీటర్లు కొలిచి ఎన్ని కుట్లున్నాయో చూడండి. ఇరవై ఉంటే మొత్తం 80 కుట్లు ఎక్కించుకోవాలి. మీ చెయ్యి బిగువై 22 వస్తే అదే 80కి 36 సెంటీమీటర్లే వస్తుంది, గిన్నె దూరదు. వదులై 18 వస్తే 44, జారిపోతుంది. ఈ చిన్న ముక్క అల్లడానికి బద్ధకించి పెద్ద ముక్క విప్పుకున్నవాళ్ళకి లెక్కలేదు.

ఎక్కించేటప్పుడు ఒకటిన్నర మీటర్ల తోక వదులుకోండి, 75వ కుట్టు దగ్గర దారం అయిపోతే మళ్ళీ మొదటినుంచీ. రెండు సూదులూ జోడించి వాటి మీద ఎక్కించి తర్వాత ఒకటి లాగేస్తే మొదటి అంచు బిగుసుకోదు. ఇక అన్ని వరసలూ నిట్టే (దారం వెనక ఉంచి వేసే మామూలు కుట్టు), పర్ల్ (దారం ముందుకి తెచ్చి వేసేది) వద్దు. రెండు వరసలకి ఒక గట్టు కనిపిస్తుంది. వరసలు లెక్కపెట్టకుండా గట్లు లెక్కపెట్టండి, 46 రావాలి. 80 కుట్ల చొప్పున 92 వరసలంటే 7,360 కుట్లు. నేర్చుకునేవాళ్ళు నిమిషానికి పదిహేను వేస్తారనుకుంటే ఎనిమిది గంటల పని, అంటే రోజుకి గంటా పది నిమిషాలు. ఉలవచారు ఉడికీ మరిగీ ముగిసే సరికి ఒక రోజు వాటా దాదాపు అయిపోతుంది. ఊలు 100 గ్రాములు కొంటే మిగులుతుంది.

80 కుట్లు 83, 87 అయిపోవడం కొత్తవాళ్ళందరికీ వచ్చే జబ్బు. వరస తిప్పినప్పుడు దారం సూది మీదుగా వెనక్కి లాగితే మొదటి కుట్టు కిందినుంచి పైకి సాగి రెండు కాళ్ళు కనిపిస్తాయి. రెండు కుట్లనుకుని రెండింట్లోనూ అల్లేస్తారు. వరస మొదలుపెట్టే ముందు దారాన్ని సూది కిందనుంచి ముందుకి దించి, ఆ తర్వాత వెనక్కి తీసుకెళ్తే మొదటి కుట్టు ఒక్కటిగానే కనిపిస్తుంది. కుట్టు జారితే కంగారుపడి సూదితో పొడవకండి, పక్క కుట్లు కూడా జారతాయి. క్రోషియా సూదితో కింది కుట్టు పట్టుకుని ఒక్కో మెట్టూ పైకి అల్లుకుంటూ రావాలి. వరస మధ్యలో వదిలి లేవకండి. విజిల్ వచ్చినా, కాలింగ్ బెల్ మోగినా ఆ వరస పూర్తిచేసి లేవాలి. మధ్యలో వదిలితే తిరిగొచ్చాక ఎటు అల్లుతున్నామో తెలియక వెనక్కి అల్లేస్తారు, అక్కడ ఒక మెట్టు పడుతుంది.

పర్ల్ వద్దనడానికి అసలు కారణం చదువు. నిట్‌లో దారం ఎప్పుడూ వెనకే ఉంటుంది, పది పన్నెండు గట్లు అయ్యాక వేళ్ళకి కుట్టు తెలిసిపోతుంది. ఆ తర్వాత కళ్ళు పుస్తకానివే. అంచు దగ్గర ఒక్కసారి కిందకి చూస్తే చాలు. నల్ల ఊలు కొనకండి. డిసెంబరులో హైదరాబాదులో ఐదుముప్పావుకే పొద్దు గుంకుతుంది, విశాఖలో ఇంకా ముందే. ఆ వెలుగులో నల్ల కుట్లు కనపడవు.

మరి పుస్తకం ఎవరు పట్టుకుంటారు? దీనికి మన ఇళ్ళలో ఎప్పుడో జవాబుంది, వ్యాసపీఠం. పారాయణానికని కొని దేవుడి గదిలో మూలన పెట్టిన ఆ మడత చెక్క నవలకీ పనికొస్తుంది, భారతమేమీ మైలపడదు. ఈమధ్య తెలుగు పుస్తకాలు చాలావరకు జిగురు బైండింగే గనక పీఠం మీద పెట్టినా వాటంతట అవే మూసుకుంటాయి. కొత్త పుస్తకాన్ని వీపు మీద నిలబెట్టి, ముందునుంచి పది పేజీలు, వెనకనుంచి పది పేజీలు, మళ్ళీ ముందునుంచి పది, ఇలా మధ్యకి వచ్చేదాకా మెల్లగా అదమండి. ఒక్కసారి మధ్యకి విరిస్తే అక్కడే జిగురు పగిలి పేజీలు రాలిపోతాయి. పేజీ తిప్పడం వరస చివరే పెట్టుకుంటే చేతికీ కంటికీ ఒకే తాళం కుదురుతుంది.

ఏం చదవాలన్నది మీ ఇష్టం. ఏది ఎప్పుడన్నదాంట్లో మాత్రం వేలుపెడతాను. ఆవ ఊరే పది నిమిషాలకి కవితలు, మరిగే ముప్పావుగంటకి ఒక కథ. నవల వంట లేని పూటకి దాచుకోండి, అంటే నిన్నటి చారు ఉన్న పూటకి. హైదరాబాదు పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులోనూ, బెజవాడది జనవరి మొదట్లోనూ జరుగుతాయి గనక సరుకుకి కొదవ లేదు. ధనుర్మాసంలో రోజుకో పాశురం చొప్పున ముప్ఫై రోజుల తిరుప్పావై చదివే ఇళ్ళకి పఠన ప్రణాళిక అని వేరే అక్కర్లేదు. అన్నిటికన్నా నాకు నచ్చేది ఒకరు పైకి చదువుతుంటే మిగతావాళ్ళు చేతిపని చేసుకోవడం. పురాణ కాలక్షేపం ఇలాగే సాగేది, వింటూ వత్తులు చేసేవాళ్ళు, పప్పులో రాళ్ళు ఏరేవాళ్ళు. ఉలవలు ఏరడానికి అంతకన్నా మంచి సమయం లేదు. చదివేవాళ్ళు రోజుకొకరు మారాలి, ఏరేవాళ్ళూ మారాలి.

'అల్లిక తీరికగా చేసుకునే పని, దానికింత గంటల లెక్కెందుకు' అని అడగొచ్చు. ఆ మాట మనవైపు ఒకసారి చాలా ఖరీదైంది. నరసాపురం లేసు సంగతి తెలిసిందే. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన క్రోషియా పశ్చిమ గోదావరి ఇళ్ళలో స్థిరపడి, విదేశాలకి ఎగుమతయ్యే సరుకైంది. ఆ లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త అక్కడ పరిశోధన చేసి 1982లో ప్రచురించిన పుస్తకంలో ముఖ్యమైన అభియోగం ఇదే. రోజుకి ఆరేడు గంటలు అల్లేవాళ్ళని గృహిణులనీ, తీరిక వేళల్లో చేసుకునే పని అనీ చెప్పి కూలి అతి తక్కువ ఇచ్చారు. తీరిక అన్న ముద్ర పడ్డాక పని గంటలు ఎవరికీ కనపడవు. వంటకీ అంతే. అందుకే నిలబడే నిమిషాలు లెక్కపెట్టండంటున్నాను, సెలవు వారంలో మరీనూ.

46వ గట్టు అయ్యాక కుట్లు మూయకండి. దారం అర మీటరు వదిలి కత్తిరించి, లావు కన్నున్న సూదికి ఎక్కించి 80 కుట్లలోంచీ పోనిచ్చి లాగితే అడుగు ముడుచుకుంటుంది. పూర్తిగా బిగించేస్తే మధ్యలో ముడి ఉబ్బి గిన్నె ఊగుతుంది, రూపాయి బిళ్ళంత ఖాళీ వదిలి ముడేయండి. అదే దారంతో పక్క అంచులు రెండూ గట్టుకి గట్టు ఎదురయ్యేలా కుట్టేయాలి. పై అంచుకి రెండు సెంటీమీటర్ల కింద, నాలుగేసి కుట్లకోసారి లోపలికీ బయటికీ వచ్చేలా ముప్పావు మీటరు జడ తాడు దోపితే మూత మీద బిగించుకోవచ్చు. తొడుగు వేడి పుట్టించదు, ఉన్న వేడిని ఆపుతుందంతే. చల్లారిన పాలు అందులో పెడితే పొద్దున్నకి చల్లటి పాలే ఉంటాయి, మరీ వేడిగా పెడితే తోడు చచ్చి పాలు విరిగినట్టుంటాయి. పసుపు చేత్తో ముట్టుకుంటే మరక సబ్బుకి పోదు గానీ, తడిపి రెండు మూడు రోజులు ఎండలో ఆరేస్తే వెలిసిపోతుంది. ఆ ఎండ కూడా పొద్దున్న తొమ్మిదికీ సాయంత్రం నాలుగుకీ మధ్యదే, ఆ తర్వాత పుష్యమాసం ఎండని నమ్ముకోకండి.